ఉత్త గిన్నె ఇయ్యని ఊరు

నేపాలు పోయొచ్చామని తెలిసినవాళ్ళంతా ముందు అడిగేది మంచుకొండల గురించే. మేము చూడలేదు. ఉన్నన్నాళ్ళూ మబ్బు విడవలేదు. మా అమ్మాయి ఫోన్లో ఉన్న తెల్లటి ఫొటోలు మంచు కావు, మబ్బే. మరి అంత దూరం కారేసుకొని పోయి ఏం చూశారని మదనపల్లెలో మా బడి స్టాఫ్‌రూములో అడిగితే, ఒక కంచుగిన్నెను చూసొచ్చామని చెబుతాను. నవ్వుతారు, నవ్వనీ. ఆ గిన్నె ఇప్పుడు పుంగనూరు దగ్గర మా ఇంట్లోనే ఉంది. అది ఎలా వచ్చిందో, దానికి బదులు మా ఇంట్లోంచి ఏం పోయిందో చెప్పాలంటే ఆవు దగ్గర మొదలుపెట్టాలి.

బుడ్డక్క

మా అత్త మునెమ్మకు ప్రాణమైనవాళ్ళు ముగ్గురు. మొదట బుడ్డక్క, తర్వాత మా అమ్మాయి కీర్తన, ఇంకా ఏమైనా మిగిలితే కొడుకు. బుడ్డక్క అంటే ఆవు. పుంగనూరు పొట్టిజాతి. నా నడుము దాకా కూడా రాదు, పొగరు మాత్రం కోడెగిత్తకు ఉన్నంత. తొలిచూలు ఈనినప్పుడు అత్త ఊళ్ళో లేదు. కుప్పంలో వాళ్ళ అక్క మనవరాలి పెళ్ళికి పోయింది. దూడ దక్కలేదు. అత్త ఉండుంటే దక్కేదని ఎవరూ అనలేదు, అత్త తప్ప. మళ్ళీ చూలు నిలిచిన రోజు ఆవు మెడ నిమురుతూ, "ఈసారి నీ పక్కనే ఉంటాను తల్లీ, యాడికీ పోను" అని మాటిచ్చింది. ఆవుకు మాటిచ్చేదేందని మా ఆయన నవ్వాడు. ఆ పూట ఆయన కంచంలో సంగటి పక్కన వట్టి చారే పడింది.

మా ఆయనకు పుంగనూరులో ట్రాక్టరు విడిభాగాల అంగడి. కొత్త కారు కొన్నప్పటి నుంచి సొంత బండిలో ఫారిన్ పోవాలన్నది ఆయన కోరిక. సముద్రం అడ్డం లేని ఫారిన్ ఏదని వెతికితే నేపాలు దొరికింది. కీర్తన పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది కాబట్టి ఆ పని తను తీసుకుంది. కొండమీద ఒక పల్లెలో, రైతుల ఇంట్లోనే గది ఇచ్చి అన్నం పెట్టే హోమ్‌స్టే ఒకటి పట్టింది. పట్టి, "నాయనమ్మ రాకుంటే నేనూ రాను" అని భీష్మించుకొని కూర్చుంది.

పశువుల డాక్టరు బుడ్డక్కకు ఇంకా నెల పైనే ఉందన్నాడు. అత్త బాగా ఆలోచించి ఒప్పుకుంది. కొడుకుకు పెట్టిన షరతు ఒకటే. "అది ఈనే పొద్దుకు నేను కొట్టంలో ఉండాల. లేదంటే సీనా, నీ కారు సంగతి నేను సూస్తా."

ఆవును పక్కింటి రెడ్డెమ్మకు అప్పగించాం. అత్తకూ రెడ్డెమ్మకూ ఉన్న స్నేహం అంతా గిన్నెల మీద నడిచింది. మా దిక్కున ఇరుగింటి నుంచి కూరో పాయసమో వచ్చిన గిన్నెను ఉత్తగా తిరిగి ఇవ్వరు. ఏమీ లేకుంటే చిటికెడు చక్కెరైనా వేసి ఇస్తారు. అందరిళ్ళలో ఉన్న పద్ధతే కానీ మా అత్తకు అది రాజ్యాంగం. ఎవరింట్లో మన గిన్నె ఏది ఉండిపోయిందో ఆమెకు నోటికి వచ్చు. అందుకే ఇంట్లో ప్రతి స్టీలు సామాను మీదా పేరు కొట్టించింది. అన్నిటి మీదా పోయిన మా మామ పేరే. ఒక్క మూతడబ్బా మీద మాత్రం "మునెమ్మ" అని ఉంటుంది. తను మొదటిసారి పాలు అమ్మిన డబ్బుతో కొనుక్కొని, పాత్రల అంగడిలో దగ్గరుండి చుక్కల అక్షరాలతో కొట్టించుకున్న డబ్బా అది. దాన్నిండా రాగిపిండి పోసి నా చేతికిచ్చి, "ఇది పోయిందంటే నువ్వు ఇంటికి రావద్దు" అంది. నా పుట్టిల్లు కురబలకోట. మాది గొర్రెలు కాసే ఇల్లు. గొర్రెలవాళ్ళ పిల్లకు ఆవుల సంగతీ, సామాన్ల సంగతీ తెలియదని అత్తకు మొదటి నుంచీ అనుమానం.

దారి పొడుగునా టమోటాలు

హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగ. పేర్లు చెప్పడం సులువు. వెనక సీట్లో అత్త కాళ్ళు ముడుచుకొని కూర్చున్నదీ, నడుమ నిప్పట్ల డబ్బా, మురుకుల డబ్బా, చెనక్కాయల పొడి, చింతపండు, నా కాళ్ళ కింద రాగిపిండి ఉన్నదీ తలుచుకుంటే ఇప్పటికీ నా మోకాళ్ళు నొప్పి పుడతాయి. మా ఆయన దారి అడగడు. అడిగితే కారు పరువు పోతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం వల్ల మేము నాగపూరులో ఒకే ఫ్లైఓవరును మూడు దిక్కుల నుంచి చూశాం.

మదనపల్లె చుట్టుపక్కల పుట్టినవాళ్ళకు ఒక జబ్బుంది. యాడికి పోయినా టమోటా ధర అడగందే నిద్రపట్టదు. అత్త ప్రతి ఊళ్ళోనూ కారు అద్దం దించి, తోపుడుబండి వాణ్ణి తెలుగులోనే అడిగేది. కుప్పంలో అటు కన్నడం, ఇటు అరవం విని విని పెరిగిన మనిషి కదా, నెమ్మదిగా మాట్లాడితే ఏ దేశంవాడికైనా అర్థమవుతుందని ఆమె సిద్ధాంతం. విచిత్రమేమంటే చాలామంది వేళ్ళు చూపించి ధర చెప్పేవాళ్ళు. ఆ ధర విని ఆమె కారులో ఉన్న మా ముగ్గురినీ తిట్టేది. "ఆడ మన మార్కెట్లో బాక్సులు బాక్సులు పారబోస్తాండారు. ఈడ సూడు, ఎట్ల అమ్ముకుంటాండారో!" టమోటాలు పారబోసింది మేమే అన్నట్టు నేనూ కీర్తనా తల వంచుకొని కూర్చునేవాళ్ళం.

రోజూ సాయంత్రం రెడ్డెమ్మ వీడియో కాల్ చేసేది. బుడ్డక్కను చూపించమంటే ఆమె ఫోను తనవైపే తిప్పి పట్టుకునేది. తెర మీద రెడ్డెమ్మ నుదురు, బొట్టు, ఒక ముక్కుపుడక. వెనకాల యాడో నమిలే శబ్దం. అత్త ఆ ముక్కుపుడకనే చూస్తూ, "మేత బాగా తింటాండాది" అని తృప్తి పడేది.

పావుగంట ముందున్న దేశం

గోరఖ్‌పూరు దాటి సునౌలీ దగ్గర సరిహద్దు. ఇటు ఒక గేటు, అటు ఒక గేటు, నడుమ సైకిళ్ళు, రిక్షాలు, కోళ్ళగంపలు, పెళ్ళిబట్టల మూటలు. విదేశమంటే విమానం, సూటుబూటు అనుకున్న మా ఆయనకు కాస్త నిరాశ కలిగింది. కారుకు గడువు వేసి కాగితం ఇచ్చారు. దాని మీద వాళ్ళ సంవత్సరం చూసి తప్పు రాశారనుకున్నాను. వాళ్ళ లెక్కలో మనకంటే యాభై ఏళ్ళ పైచిలుకు ముందున్నారు. గడియారం కూడా మనకంటే పావుగంట ముందే. కీర్తన ఇదంతా వివరించగానే అత్త కంగారు పడింది. "అయితే బుడ్డక్క ఈనిందో ఏమో! రెడ్డెమ్మకు ఫోన్ జెయ్యి అమ్మీ."

బుట్వల్‌లో టీ నలభై రూపాయలనేసరికి మా ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. వాళ్ళ రూపాయిల్లో నలభై అంటే మనకు పాతికేనని తెలిశాక ఇంకో టీ తాగాడు. అక్కడి నుంచి కొండదారి. ఒక పక్క గోడలాగా కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. ఆ ఏమీ లేనివైపే అత్త కూర్చుంది. కళ్ళు మూసుకొని, మా ఇంటిదేవుణ్ణీ, బుడ్డక్కనూ కలిపి మొక్కుతూ కొండెక్కింది.

దిల్‌మాయ ఇల్లు

తారురోడ్డు వదిలాక మట్టిదారి, ఆపైన ఇల్లు. కింద సగం ఎర్రమట్టి, పైన సగం తెల్లసున్నం. ఎర్రమన్ను అలికిన అరుగు చూడగానే అత్త ముఖం విప్పారింది. ఇంటావిడ దిల్‌మాయ. అత్త ఈడే ఉంటుంది. బంతిపూల దండలు పట్టుకొని నిలబడింది. నుదుట్లో పెరుగు కలిపిన ఎర్రటి బియ్యం అద్దింది. మా ఆయన ముక్కు మీద సగం రాలాయి. భర్త పోయాడు, కొడుకు గల్ఫులో ఉన్నాడు. ఆ కొడుకు పంపిన ఫోనులోనే అతిథులొస్తారు. దిల్‌మాయకు హిందీ కొంచెం వచ్చు, కీర్తనకు బడిలో నేర్చుకున్న హిందీ. మిగతాదంతా చేతులు.

పొయ్యి దగ్గరికి చెప్పులతో పోకూడదు. ఎంగిలి చేత్తో గరిటె ముట్టకూడదు. ఈ రెండూ చేతులతో చెప్పగానే అత్త నావైపు తిరిగి, "సూస్తివా? పరదేశంలో గూడా పద్ధతి ఉండాది. మన ఇంట్లోనే లేదు" అంది. మన ఇల్లంటే ఈ సందర్భంలో నేను.

రెండో రోజు దిల్‌మాయ ఇనుప బాండీలో నీళ్ళు కాచి, నల్లటి పిండి పోసి, చెక్క గరిటెతో కలపడం మొదలుపెట్టింది. వాళ్ళు దాన్ని ఢిఁడో అంటారు. అత్త పక్కనే గొంతుక్కూర్చొని చూసింది. వాసన పట్టింది. లేచి కారు దగ్గరికి పోయి, తన డబ్బా తెచ్చి, మూత తీసి దిల్‌మాయ ముందు పెట్టింది. దిల్‌మాయ చిటికెడు పిండి నోట్లో వేసుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని పడీపడీ నవ్వారు. ఇన్ని రాష్ట్రాలు దాటి మేము తిన్న ఫారిన్ భోజనం రాగిసంగటి. నూకలు వెయ్యలేదని అత్త తప్పు పట్టింది గానీ, ఎండబెట్టిన ఆకుకూర పులుసుతో రెండు ముద్దలు ఎక్కువే తింది. పిజ్జా దొరుకుతుందనుకున్న కీర్తన ముఖం చూడాల్సింది.

గిన్నె

అసలు కథ మొదటి సాయంత్రమే మొదలైంది. దిల్‌మాయ ఒక కంచుగిన్నె నిండా పెరుగు మా గదికి పంపింది. తిన్నాం. కడిగాం. అత్త ఆ గిన్నెలో చెనక్కాయల పొడి నింపి ఇచ్చి వచ్చింది. పొద్దున్నే అదే గిన్నె ఎండు ఆకుకూరతో తిరిగొచ్చింది. అత్త చింతపండు నింపింది. గిన్నె తేనెతో వచ్చింది. అత్త మురుకులు నింపింది. గిన్నె నారింజలతో వచ్చింది. నాకు అనుమానమొచ్చి కీర్తన చేత అడిగించాను. దిల్‌మాయ సిగ్గుపడుతూ చెప్పింది, వాళ్ళింట్లో వచ్చిన గిన్నెను ఖాళీగా పంపే అలవాటు లేదట, వాళ్ళత్త నేర్పిందట.

ఒకటే రాజ్యాంగం చదువుకున్న ఇద్దరు ఒక కప్పు కింద చేరారు. ఇది ఆగేది కాదు.

"అత్తా, అది ఆయమ్మ గిన్నె. ఆయమ్మ ఇంట్లోనే ఉండాది. మనం ఇస్తే సరిపాయె, ఇంక నింపేది యాల?" అన్నాను.

"ఉత్త గిన్నె ఎట్లిచ్చేది? మర్యాద ఉండాదా నీకు?"

మూడో రోజుకు నిప్పట్లు అయిపోయాయి. కీర్తన చాక్లెట్లు పోయాయి. ఇంజను ముందు దిష్టికి కట్టిన నిమ్మకాయల వైపు అత్త చూపు పోవడం నేను చూశాను. చివరికి ఒక మధ్యాహ్నం అత్త దిల్‌మాయ పెరట్లో వంగి ఏదో కోస్తూ దొరికింది.

"నాయనమ్మా, ఆయమ్మ తోటలో మిరపకాయలు కోసి ఆయమ్మకే ఇస్తావా?" అని కీర్తన నడుము మీద చేతులు పెట్టుకొని అడిగింది.

"గిన్నె నిండాల గదా అమ్మీ" అంది అత్త, దొరికిపోయిన మొహంతో. ఆ మిరపకాయలు వేసిన గిన్నెను దిల్‌మాయ రెండు చేతులా అందుకొని కళ్ళకద్దుకుంది. తన తోటవేనని గుర్తుపట్టిందో లేదో ఇప్పటికీ తెలియదు. గుర్తుపట్టే ఉంటుంది.

బిస్కెట్ల కోసం

బయలుదేరే రోజు పొద్దున్నే సామాన్లన్నీ కారులో పెట్టాం. కారు గడువుకు ముందే సరిహద్దు దాటాలి, బుడ్డక్కకు ముందే ఇల్లు చేరాలి. మా ఆయన ఇంజను వేశాడు. అప్పుడు దిల్‌మాయ పరిగెత్తుకొచ్చి, దారిలో తినమని, ఉడకబెట్టిన గుడ్లతో కంచుగిన్నెను అత్త చేతిలో పెట్టింది.

అత్త కారు దిగింది.

మా దగ్గర ఏమీ లేదు. సంచులన్నీ వెతికాం. రాగిపిండి ఇద్దామంటే అత్త, "అది దావలో మనకు కావాల, గిన్నెకు వేరే ఏమన్నా సూడు" అంది. కింద తారురోడ్డు మీద అంగడి ఉంది కదా, పోయి బిస్కెట్లు తెమ్మని కొడుకును పంపింది. అరగంటలో వస్తానని మా ఆయన కారు తీసుకొని దిగాడు. ఆయన అటు పోగానే ఇటు వాన. కొండ మీద వాన మా ఊరి వానలాగా అడిగి రాదు. ఒక్క గంటలో మట్టిదారి బురదకాలువ అయింది.

మధ్యాహ్నానికి మా ఆయన వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద, ఒక కాలికి చెప్పు లేదు, చేతిలో బిస్కెట్ ప్యాకెట్లు, కారు లేదు. మలుపు దగ్గర దిగబడిపోయిందట. అత్త ముందు ప్యాకెట్లు చింపి గిన్నె నింపి, దిల్‌మాయకు ఇచ్చి వచ్చి, అప్పుడడిగింది, "కారేదప్పా?"

ఆ సాయంత్రమే రెడ్డెమ్మ ఫోన్ వచ్చింది. ఈసారి ముక్కుపుడక నవ్వడం లేదు. "మునెక్కా, బుడ్డక్క పొదుగు సేసింది. తోక మొదట్లో గుంటలు గూడా పడినాయి. రేపో మాపో ఈనేటట్టుండాది. యాడుండారు మీరు?"

"ఇంకా నెల ఉండాదనె గదా డాక్టరు!"

"డాక్టరు అంటే అనె. ఆవు అనాల గదక్కా!"

అత్త ఫోను నాకిచ్చి పోయి దిల్‌మాయ బర్రెల కొట్టం గడప మీద కూర్చుంది. నేను దగ్గరికి పోతే, "పో" అంది. "నేనే గదా గిన్నె గిన్నె అని ఆపితి. నేరుగా పోయుంటే పోదుము. మళ్ళా అట్లే అయితాండాది దానికి, నేను లేని పొద్దే." ఆమె ఏడవడం నేను మామ పోయినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడు చూశాను. నవ్వుతూ రాస్తున్నాను గానీ ఆ పూట మాలో ఎవరికీ నవ్వు రాలేదు. మా ఆయన కూడా బురదకాళ్ళతో అలాగే నిలబడ్డాడు.

కీర్తన దిల్‌మాయకు సంగతి చెప్పింది. ఆమె దేవుడి గూట్లో దీపం పెట్టి వచ్చి, అత్త పక్కన గడప మీద కూర్చుంది. ఒక గ్లాసులో టీ తెచ్చింది. అత్త తాగగానే ఆ గ్లాసును చేతిలోంచి తీసుకొని తానే లోపలికి పట్టుకుపోయింది, తిరిగిచ్చే పని అత్తకు పెట్టకుండా.

తెల్లారి ఊరు ఊరంతా తాళ్ళు తెచ్చి కారును లాగింది. బయలుదేరేముందు అత్త దిల్‌మాయ చేతులు పట్టుకుంది. కంచుగిన్నె యాడా కనపడలేదు. ఇద్దరూ గిన్నె మాట ఎత్తలేదు. రాజీ కుదిరిందని నేను ఊపిరి పీల్చుకున్నాను.

డిక్కీ

సరిహద్దులో నేపాలు ఉద్యోగి ఒకాయన డిక్కీ తెరవమన్నాడు. సంచులు జరిపాడు, దుప్పటి ఎత్తాడు. దాని కింద పంచెగుడ్డలో మూటకట్టిన గిన్నె. ఆకు మూత తీస్తే నిండా రాగులు, నల్లగా మెరుస్తూ.

"మోసం!" అని అత్త అరిచింది. ఆ ఉద్యోగి ఉలిక్కిపడ్డాడు. "ఎప్పుడు పెట్టె ఈమె? సీనా, బండి తిప్పు. ఇంత పెట్టి పంపిస్తే మళ్ళా బదులియ్యకుండా పోతామా?"

వెనకాల లారీలు హారన్లు కొడుతున్నాయి. మా ఆయన స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. అత్త కొండల వైపు చూసింది, ఇటు గేటు వైపు చూసింది. గిన్నెను ఒళ్ళో పెట్టుకొని కూర్చొని, "పోనీయప్పా, బుడ్డక్క దగ్గరికి పోదాం" అంది.

ఆ సంచులు మళ్ళీ సర్దుతున్నప్పుడే చూసుకున్నాను. స్టీలు డబ్బా లేదు. "మునెమ్మ" డబ్బా. పొద్దున హడావుడిలో దిల్‌మాయ వంటింట్లో మరిచిపోయి ఉంటాను. సీట్ల కింద చూశాను, టైరు పక్కన చూశాను. లేదు. అత్తకు చెప్పే ధైర్యం నాకు లేదు. ఇప్పటికే ఆవు దిగులు, దాని మీద ఈ మాట వేస్తే నన్ను ప్రయాగలో వదిలేసినా వదిలేస్తుంది. దారి పొడుగునా ఆమె సంగటి మాట ఎత్తుతుందేమోనని, పూటపూటకూ ముందే పూరీలు చెప్పి పెట్టాను. ఆశ్చర్యం, ఆమె ఒక్కసారి కూడా డబ్బా అడగలేదు. ఆవు ధ్యాసలో ఉందిలే అనుకున్నాను.

బంకులో పురుడు

మా ఆయన ఎన్నడూ లేనిది దారి అడిగి అడిగి నడిపాడు. టమోటా ధర ఎవరూ అడగలేదు. జబల్‌పూరు దాటి ఒక పెట్రోలు బంకులో ఆగిన నిమిషానికి ఫోన్ మోగింది. రెడ్డెమ్మ నుదురు.

"మునెక్కా, నీళ్ళ సంచి పగిలింది!"

"ఫోను తిప్పు రెడ్డెమ్మా!"

"తిప్పితినక్కా!"

తిప్పలేదు. ఈసారి గడ్డం కనబడుతోంది. అత్త బంకు మధ్యలో నిలబడి మా ఊరిదాకా వినపడేటట్టు అరవడం మొదలుపెట్టింది. "ముందుకాళ్ళు వచ్చినాయా? ముక్కు కనపడతాండాదా? లాగొద్దు! అది ముక్కినప్పుడే పట్టు. బుడ్డక్కా, నేనుండా తల్లీ, ఈడే ఉండా!" పెట్రోలు పోసే కుర్రవాళ్ళు గొట్టాలు వదిలేసి వచ్చారు. ఇద్దరు సర్దార్జీ లారీ డ్రైవర్లు, ఒక పెళ్ళిబస్సులోని ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఏమైందని అడిగితే కీర్తన హిందీలో చెప్పింది. సర్దార్జీల్లో పెద్దాయన పొలం ఉన్న మనిషట. తెరమీద రెడ్డెమ్మ గడ్డాన్ని తదేకంగా చూస్తూ, బాగానే వస్తోంది, బాగానే వస్తోంది అని అత్తకు ధైర్యం చెప్పాడు.

చాలాసేపు ఏ శబ్దమూ లేదు. తర్వాత తెరలో గడ్డమే ఉండగా, సన్నగా, కొత్తగా ఒక "అంబా" వినపడింది.

"పెయ్యదూడ అక్కా! లేస్తాండాది!" అని రెడ్డెమ్మ ఏడుపూ నవ్వూ కలిపి అరిచింది. పెళ్ళిబస్సువాళ్ళు చప్పట్లు కొట్టారు. అత్త సిమెంటు గట్టు మీద కూలబడింది. "నేను లేకపోతిని. మాటిచ్చి గూడా లేకపోతిని."

"యాల లేవు?" అంది రెడ్డెమ్మ. "నీ అరుపు వినపడినప్పుడల్లా అది సెవులు ఫోను తట్టు తిప్పతాండె. నా మాట ఒక్కటీ వినలే, నీ మాటకే ముక్కింది. నువ్వు ఈడ లేకపోవడమేంది?"

అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. కారులోంచి గిన్నె తెప్పించి, అందులోని రాగులు నాలుగు గింజలు సర్దార్జీ చేతిలో పెట్టింది, శుభవార్తకు తీపి లేదు కాబట్టి. ఆయన వాటిని అక్కడే నోట్లో వేసుకున్నాడు.

ఇల్లు

మేము చేరేసరికి మా అరుగు నిండా గిన్నెలు. రెడ్డెమ్మ పద్ధతి ప్రకారం మా సామాన్లలోనే వీధివీధంతా జున్నుపాలు పంచిందట. ఒక్క గిన్నె కూడా ఉత్తగా తిరిగి రాలేదు. బెల్లం, అనపకాయలు, బియ్యం, టమోటాలు. టమోటాలు మరీ ఎక్కువ. అత్త నేరుగా కొట్టంలోకి పోయింది. బుడ్డక్క మొదట ముఖం తిప్పుకుంది, తర్వాత ఆమె చెయ్యి నాకింది. దూడ కుందేలుపిల్లంత ఉంది. ఆ ఇద్దరినీ వదిలి అత్త లోపలికి రావడానికి మాకు రెండు టీలు పట్టింది.

జున్ను వండాక అత్త రాగుల్ని చాటలోకి వంచి, కంచుగిన్నె కడిగి, మొదటి ముక్కలు దాంట్లో పెట్టింది. "మాయమ్మకు ఫోన్ జెయ్యి" అంది. దిల్‌మాయను ఆమె మాయమ్మ అనేది. తెరలో దిల్‌మాయ రాగానే అత్త గిన్నె ఎత్తి చూపించింది, దూడను చూపించింది, మళ్ళీ గిన్నె చూపించింది. దిల్‌మాయ దండం పెట్టి, లోపలికి పోయి ఏదో తెచ్చి తెర ముందు పట్టింది.

మా స్టీలు డబ్బా.

"అత్తా, నేనే మర్చిపోయి వస్తిని. చెప్పేదానికి భయపడి..." అన్నాను.

"నువ్వు యాడ మర్చిపోతివి?" అంది అత్త, తెర మీంచి చూపు తిప్పకుండా. "నేనే పెట్టొస్తిని, మిగిలిన సగం పిండితో. వంటింటి గూట్లో, వెనక తట్టు. ఆయమ్మ డిక్కీలో పెడతా ఉన్నెప్పుడే గాబోలు, నేను ఇంట్లో పెడతా ఉంటిని."

ముప్పై ఏళ్ళుగా తిరిగి రాని ప్రతి గిన్నెనూ గుర్తు పెట్టుకున్న మనిషి, తన పేరున్న ఒకే ఒక్క డబ్బాను తన చేతులతో వదిలేసి వచ్చింది.

దిల్‌మాయ డబ్బా మీది చుక్కల అక్షరాల మీద వేలు పెట్టి ఏదో అడిగింది. కీర్తన విని నవ్వాపుకుంది. "నాయనమ్మా, అవి మన దేవుడి పేరేమో అనుకొని డబ్బాను దేవుడి గూట్లో పెట్టిందంట. రోజూ దీపం గూడా పెడతాందంట. ఏ దేవుడని అడుగుతాండాది."

"అయ్యో అయ్యో, నా పేరని చెప్పు! దించమను!" అని అత్త సిగ్గుతో చేతులు ఊపింది. కీర్తన చెప్పింది. దిల్‌మాయ ఆ పేరును ఒక్కో అక్షరమే పలికి చూసింది. "ము-నె-మ్మ." పలికి, తల అడ్డంగా ఊపింది. దించనంటోంది.

అత్త ఊపుతున్న చేతులు దించింది. చేతిలో కంచుగిన్నె అలాగే ఉంది.

"పెట్టుకుంటే పెట్టుకోనీలే" అంది చివరికి. "ఉత్తది మాత్రం పెట్టొద్దని చెప్పు."

కీర్తన ఇంకా చెప్పనే లేదు. దిల్‌మాయ మూత తీసి, డబ్బాను తెర వైపు వంచింది. నిండా ఉంది.